పందిరిమంచానికి వల

మేడం కూతురి పెళ్లికని పాతకాలపు దొరల తీరులో చేసిన పందిరిమంచం ఒకటి అరబ్బు దేశంలో, తుబ్లీలో నేను పనిచేసే ఇంటికి వచ్చింది. దాని పైకప్పుకు చేత్తో అల్లిన తెల్లటి వల ఉండాలట; ఏదో విదేశీ పత్రికలో బొమ్మ చూసింది. నాకు లేసు వచ్చని వంటమనిషి చెప్పింది. ఆమెదీ మా నరసాపురం వైపే.

"ఇది ఖలాస్ చెయ్యి. తర్వాత ప్రతి శుక్రవారం చర్చికి పంపిస్తా," అంది మేడం హిందీలో.

జుఫైర్‌లో ఒక అద్దె హాలులో మా తెలుగు సంఘం కూడేది. ఆ ఇంట్లో పనికి చేరాక నేను ప్రభువు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షరసంలో, పాలుపొందలేదు.

లేసు సూదితో మొదలుపెట్టాను. ప్రతి గురువారం సాయంత్రం మేడం వచ్చి, ఎక్కడో వంకర ఉందని, కొస దారం పట్టుకుని లాగేది. లేసు అంతే, ఒక కొస లాగితే మొత్తం విడిపోతుంది. లాగుతున్నంతసేపూ ఆమె నా ముఖమే చూసేది.

"మనకున్నట్టే మీ యేసయ్యకి కూడా కఫీల్ ఉండుంటాడే. ఆ యజమాని పర్మిషన్ దొరకలేదు కాబోలు," అంది వంటక్క ఉల్లిపాయలు తరుగుతూ.

"నవ్వుకో అక్కా. ఆయన చూత్తానే ఉన్నాడు."

"చూడనీ. నువ్వు మాత్రం ఆవిడ లాగలేనిది అల్లు. మీ నాన్న వలలు కట్టేవోడే కదా?"

నాన్న దగ్గర నేర్చినట్టే చెక్క సూదితో ముళ్లు వేశాను. వలలో ప్రతి కన్నుకూ దాని ముడి దానిదే. మా సంఘం ఆడవాళ్లు పెళ్లివారికి అల్లేటప్పుడు వరసకో ఆశీర్వాద వచనం పలుకుతారు. నేనూ ఆ పిల్ల కోసం మనసారా పలికాను.

మేడం లాగింది. రాలేదు. కత్తెర తెప్పించి నడిమధ్యలో ఒక కన్ను కత్తిరించి మళ్లీ లాగింది. ఆ ఒక్క కన్నే పోయింది.

"మాషాల్లా," అంది.

వల పూర్తయిన శుక్రవారం తెల్లచీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. మేడం నా చేతిలోని బైబిలు తీసి బీరువా మీద పెట్టి, దారపు ఉండలు చేతికిచ్చింది.

"మా అక్క కూతురి పెళ్లికి కూడా ఒకటి. అది ఖలాస్ చెయ్యి, తర్వాత చర్చి."

ఆశీర్వదించడం నేర్పిన దేవుడే శపించడమూ నేర్పాడు. శత్రువుల మీద పలికే కీర్తనలు సండేస్కూల్లోనే కంఠతా పట్టినదాన్ని. ఆ పూటే మొదటి వరస వేశాను. వాళ్ల దీపం ఆరిపోవాలి, ఒడి ఎండిపోవాలి, ఇల్లు పాడుబడాలి. ముడికో మాట. అది పాపమని ఈనాటికీ అనుకోను.

"ఏటే గొణుగుతున్నావు?" అంది వంటక్క.

"ప్రార్థన అక్కా."

"ఎవరి కోసం?"

"పెళ్లికూతురి కోసం."

"అదృష్టవంతురాలే ఆ పిల్ల," అంది. నేను ముడి బిగించాను.