నాలుగో పేరు

ఆ రోగి సిద్దిపేటలో ఏళ్ల తరబడి బట్టలు కుట్టిన టైలర్. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడిన మనిషి. అలాంటివాళ్ల మెదడు దెబ్బతిన్నాక ఏ భాష ఎంత మిగులుతుంది, ఏది ముందు తిరిగొస్తుంది అన్నదే నా పరిశోధన. హైదరాబాద్‌లో మెదడు మీద పిహెచ్‌డీ చేస్తూ, రోగుల కోసం మా చిన్నకోడూరు నుంచి సిద్దిపేట దవాఖానకు తిరిగేదాన్ని.

బొమ్మ చూపించాలి. రోగి దాని పేరు చెప్పాలి. గైడ్ ఇచ్చిన జవాబుల పట్టికతో సరిచూసి ఒకటో సున్నానో వెయ్యాలి. ఆ రోజు టైలర్ ఒక బొమ్మను చాలాసేపు చూశాడు. పెదవులు వణికాయి. "ఆ... ఆలు..." అని ఆగి, కళ్లు మూసుకుని, మొత్తం బలం కూడగట్టి "ఆలుగడ్డ" అన్నాడు. జబ్బు పడ్డాక ఆయన నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది.

ఆయన భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సహీ చెప్పిన్రు గదా బేటీ? రాసుకున్నవా?"

"రాసుకున్నమ్మా" అన్నాను. పట్టికలో 'బంగాళాదుంప' అని ఉంది. నేను సున్నా వేశాను.

మనసొప్పక గైడ్‌కు ఫోన్ చేశాను. "చూడమ్మా, యాసలన్నిటికీ మార్కులు వేసుకుంటూ పోతే అది సైన్సు అనిపించుకోదు. పట్టికలో ఏముందో అదే జవాబు" అన్నాడు.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. బస్సులు బంద్. రోగుల్ని చెప్పిన గడువుకు మళ్లీ చూడకపోతే అంతవరకు చేసిందంతా వృథా అవుతుంది. నాయిన స్కూటర్ తీశాడు. దారిలో రాళ్లు అడ్డం పెట్టి కూర్చున్నవాళ్లు ఆపారు.

"ఎటు పోతున్నవక్కా?"

"దవాఖానకు. మాట పోయినోళ్లను చూడనీకి."

సంచిలో ఏముందని అడిగితే బొమ్మల కార్డులు చూపించాను. ఒకతను పట్టిక చదివి పగలబడి నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు. "గిదేందక్కా, మక్కకంకి అంటె తప్పా? పల్లికాయ అంటె తప్పా? మా నాయినకు గిట్లయితె ఆయన గూడ ఫెయిలేనా?"

నేను కార్డులు సంచిలో సర్దుకున్నాను. వాళ్లే రాళ్లు జరిపి దారిచ్చారు.

ఆ వారమే కొత్త పట్టిక మొదలుపెట్టాను. ఇక్కడి ఇళ్లల్లో, అంగళ్లలో ఏ వస్తువును ఏమంటారో అడిగి రాసుకున్నాను. కార్డులు నేనే గీశాను. ప్రతి రోగికీ రెండు పట్టికలతోనూ లెక్కగట్టాను. భాష దాదాపు పోయిందని మేం రాసిన చాలామందిలో భాష ఉంది. లోపం మా పరీక్షలోనే ఉంది. మొత్తం రాసి, నెట్ సెంటర్ తెరిచిన రోజు గైడ్‌కు పంపాను. "చూద్దాం" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

కొన్ని నెలలకు ఒక పరిశోధన పత్రికలో పేపర్ అచ్చయింది. నా వాక్యాలు, నా పట్టిక, నా బొమ్మలు. మొదటి పేరు సిద్దిపేట ముఖమే చూడని మరో విద్యార్థిది. చివరి పేరు గైడ్‌ది. నాది నాలుగోది.

ఎందుకని గైడ్‌ను అడిగాను. "బంద్‌లు, సమ్మెలు అంటూ నువ్వు ల్యాబ్‌కే రాలేదు కదా. రాత పని అతను చేశాడు. డేటా తెచ్చినవాళ్ల పేర్లు మధ్యలోనే ఉంటాయి" అన్నాడు.

నేను పోట్లాడలేదు. నా థీసిస్ మీద ఆయన సంతకం కావాలి. ఆ మౌనానికి ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఆ పేపర్‌ను దేశదేశాల వాళ్లు ఉదహరించారు. ఉదహరించినప్పుడు మొదటి పేరు రాసి, పక్కన 'తదితరులు' అంటారు. నేను ఆ తదితరుల్లో ఉంటాను.

రాష్ట్రం వచ్చింది. ఊరేగింపులో నేనూ ఏడ్చాను, నవ్వాను. తరవాత యూనివర్సిటీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. బోర్డులో ఒక పెద్దాయన మా వైపువాడే. నా పేపర్ల జాబితా చూసి ఆయన ముఖం వెలిగింది.

"ఈ పేపర్ నాకు ఎరికే. మన భాష దిక్కు ఇంత గట్టిగ ఎవ్వరు నిలబడలే. గందుకే మీ గైడ్ సారును పిలిచి సన్మానం గూడ చేసినం."

"ఆ పట్టిక చేసింది నేను సర్. ఆ సార్ వద్దన్నడు."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "ఉండచ్చు బిడ్డా. కాని కాగితం మీద నీది నాలుగో పేరు. పాయింట్లు మొదటి పేరుకు, చివరి పేరుకే. మనోళ్లమైనా రూలు రూలే."

ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. ఆ పేపర్‌ను ఎంతమంది ఉదహరించారన్న లెక్క చూడటం మానేశానని అందరికీ చెబుతాను. అది అబద్ధం. నెలకోసారైనా తెరిచి చూస్తాను. అది పెరుగుతూనే ఉంది. పెరిగిన ప్రతిసారీ ముందు సంతోషం వేస్తుంది. ఆ సంతోషం మీదే నాకు ఎక్కువ కోపం.