కాకి ముట్టని తద్దినం

మా ఇంట్లో ఏటా ఆషాఢంలో ఒక తద్దినం జరిగేది. అది మా నాయన వాళ్ళ అక్కకు, అంటే మా మేనత్తకు. పెళ్ళి కాకముందే విషజ్వరం వచ్చి పోయిందని చెప్పేవాళ్ళు. పెళ్ళికాని ఆడపిల్లకు ఏటేటా తద్దినం పెట్టే ఇల్లు మదనపల్లె మొత్తంలో మాదొక్కటేనని వంటమనిషి గొణిగేది. నాకు మాత్రం ఆ రోజంటే ప్రాణం మీదికొచ్చేది. ఎందుకంటే ఆమెకు పెట్టిన అన్నం కాకి ముట్టేది కాదు.

మిద్దె పిట్టగోడ మీద విస్తరాకులో అన్నం ముద్ద, రెండు వడలు, ఇంత పాయసం పెట్టి మా నాయన చేతులు కట్టుకుని నిలబడేవాడు. మా ముత్తాత తద్దినానికి పిలవకముందే వాలే కాకులు ఆ రోజు ఎదురింటి కరెంటు తీగ మీద వరసగా కూర్చుని మమ్మల్ని చూసేవి. ఒక్కటీ వచ్చేది కాదు. గంటసేపు ఎదురుచూసి ఆకు తీసుకెళ్ళి ఆవుకు పెట్టేవాళ్ళు. "ఏదో కోరిక మిగిలుండాది ఆ బిడ్డకి" అని మా అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. ఆ మిగిలిన కోరిక వచ్చి నన్ను పట్టుకుంటుందేమోనని వారం రోజులు నేను మిద్దెక్కేదాన్ని కాదు. పెద్దయినా ఆ భయం పోలేదు. బట్టలు ఆరేస్తున్నప్పుడు వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే ఉండేది.

మా అత్త చనిపోలేదని నాకు నలభై ఏడో ఏట తెలిసింది.

నేను పుంగనూరులో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. పాత చేతిరాతలు చదవడమంటే పిచ్చి. ఒకరోజు కుప్పం నుంచి ఎవరో నర్సు ఫోన్ చేసింది. "మేడమ్, ఈడ ఒక పెద్దామె ఉండాది, రిటైరైన నర్సమ్మ. ఆమె కాడ పాత అమెరికా బైబిలుండాది. దాంట్లో చేతిరాత చదివి పెట్టాలంట. మిమ్మల్నే పిలవమంటాండాది." నా పేరు కుప్పం దాకా పాకిందని నేను పొంగిపోయాను. ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కాను కూడా.

రెండు గదుల ఇల్లు. వాకిట్లో చాప మీద రాగులు ఎండబోసి ఉన్నాయి. తలుపు తీసిన మనిషి మొహం నాకు తెలిసినదే. అదే వంగిన ముక్కు, ఎడమ కనుబొమ్మ మీద అదే సుడి. మా నాయన తెల్లచీర కట్టుకుని నిలబడినట్టుంది.

"మీ నాయన ఇంకా పాలమీద మీగడ ఏలితో తీసి పక్కన పెడతాండాడా?" అంది.

"మీరెవరు?" అన్నాను.

"ఆషాడంలో మీరు వడలు సేసేది నాకే గదా పాపా."

అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఆమె మంచినీళ్ళిచ్చి, నా పక్కనే కూర్చుని చెప్పింది. పంతొమ్మిదో ఏట నర్సు చదువుకు మిషనాసుపత్రిలో చేరిందట. రెండేళ్ళకు బాప్తిస్మం తీసుకుందట. ఆ వారంలోనే మా తాత పురోహితుణ్ణి పిలిపించి బతికున్న కూతురికి కర్మ చేయించాడు. కన్నవాడు తన చేత్తో చేయకూడదని పదేళ్ళ కొడుకు చేత నువ్వులూ నీళ్ళూ వదిలించాడు.

"పెట్టె పట్టుకోని నేను వీదిలోనే నిలబడుండాను. వాడు నన్ను సూసినాడు. సూసి, నీళ్ళు వదిలినాడు" అంది. ఆమె గొంతులో కోపం లేదు, నాకే కోపం వచ్చింది. తద్దినం సంగతీ, నా ఉద్యోగం సంగతీ మదనపల్లె నుంచి ఆసుపత్రికి వచ్చే రోగుల నోట వింటూ ఉండేదట.

తర్వాత ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అమెరికా డాక్టరమ్మ ఒకామె, తన వంశంలో ఇక ఎవరూ మిగల్లేదని, వెళ్ళిపోతూ ఆమెకిచ్చి పోయిందట. తోలు అట్ట పొడి రాలుతోంది. లోపలి తెల్లకాగితాల మీద పంతొమ్మిదో శతాబ్దం మొదటి ఏళ్ళ నుంచి ఆ ఇంటి పుట్టుకలూ చావులూ రాసి ఉన్నాయి. రాసినవాడు ఇంటి యజమాని, రైతు, చర్చి పెద్ద. మధ్యమధ్యలో రాజకీయాలూ రాసుకున్నాడు. ఈసారి ఓటు ఎవరికి వేసిందీ, బానిసల్ని విడిపించాలని అరిచేవాళ్ళు దేశాన్ని ఎలా తగలబెడతారో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో. నేను గట్టిగా చదువుతూ తెలుగులో చెబుతూ వచ్చాను.

ఒక ఎండాకాలం ఎవరో ఊరూరా తిరిగే బోధకుడు వచ్చాడు. జనం పొలాల్లో పోగై రోజుల తరబడి ఏడ్చి, కేకలు వేసి, దేవుణ్ణి పిలిచారు. పెద్దకొడుకు అక్కడికి పోయి తండ్రి చర్చి వదిలేశాడు. మనిషిని మనిషి కొనడం పాపమని ఇంటికొచ్చి చెప్పాడు. ఆ కొడుకు పేరు మీద తండ్రి ఎంత గట్టిగా గీత గీశాడంటే కాగితం చిరిగింది. పక్కన "ఈ రోజుతో మాకు చచ్చిపోయాడు" అని రాసి తేదీ వేశాడు.

దాని కింద చీమల్లాంటి అక్షరాలు, వేరే చేతివి. అవి తల్లివి. "బతికే ఉన్నాడని విన్నాను." మరుసటి ఏడు మళ్ళీ అదే మాట. ఆ పై ఏడూ అదే. ఒక్కచోట మాత్రం "కూతురు పుట్టిందని విన్నాను" అని ఉంది. పేజీ కింది దాకా, ఏడాదికి ఒక్క వాక్యం.

చదువుతూ తలెత్తితే మా అత్త పెదవులు నాకంటే ముందే కదులుతున్నాయి. ఆమెకు అదంతా నోటికి వచ్చు. నన్ను పిలిచింది చదవడం రాక కాదని అప్పుడు అర్థమైంది.

"మొగుడు సంపేస్తే ఆయమ్మ ఏటేటా బతికించుకుండాది సూడు. మా అమ్మకు రాయను రాదు" అంది. పుస్తకం నా ఒళ్ళోంచి తీసుకుని, "నాకేం వద్దు పాపా. నేను పోకముందు వాణ్ణి ఒక్కసారొచ్చి అక్కా అని పిలవమను. అంతే" అంది.

మదనపల్లె ఇంటికెళ్ళి మా నాయన మీద విరుచుకుపడ్డాను. బతికున్న మనిషికి ఇన్నేళ్ళు వడలు వండించినందుకు సిగ్గు లేదా అని నోటికొచ్చినట్టు అడిగాను. పోయినవాళ్ళు తృప్తి పడాలని అందరూ తద్దినం పెడతారు, మా తాత మాత్రం ఆమె తిరిగి రాకూడదని పెట్టాడు. నువ్వెందుకు పెట్టావు, అన్నాను. ఆయన నేల చూస్తూ మాట్లాడాడు.

"మా నాయన పోయినాక ఆపేద్దామనుకుంటి. యాడుండాదో తెలీదు, ఉండాదో లేదో తెలీదు. ఎవరినన్నా అడగాలంటే మొగం సెల్లదు. ఆకు పెట్టి, కాకి రాకూడదు సామీ అని మొక్కుకుంటాంటి. రాకపోతే ఉండాదని. ఏటా అదొక్కటే గదమ్మా నాకొచ్చే కబురు."

చిన్నప్పుడు పిట్టగోడ దగ్గర ఆయన చేతులు కట్టుకుని నిలబడింది కాకిని పిలవడానికి అనుకున్నాను. నేను తిట్టిన తిట్లన్నీ నాకే తగిలాయి.

ఆ ఆషాఢంలో పురోహితుణ్ణి పిలవలేదు. వడలు చేయించి, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని మా నాయన నాతో కుప్పం బస్సెక్కాడు. పుంగనూరు దాటినా, పలమనేరు దాటినా క్యారియరు కింద పెట్టలేదు. వాకిట్లో నిలబడి "అక్కా" అన్నాడు. రెండోసారి అంటే గానీ వినిపించలేదు. ఆమె వచ్చి ఆయన చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆమే క్యారియరు తెరిచి, "నా తద్దినం వడలు నేనే తింటాండా సూడండప్పా" అని నవ్వి రెండు తినింది. ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.

మాఘంలో ఆమె పోయింది. చర్చివాళ్ళు కుప్పంలోనే మట్టి చేశారు. మేమిద్దరం వెళ్ళి తలా ఒక పిడికెడు వేసి వచ్చాము.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. అదే తిథినాడు మా నాయన ఎవరికీ చెప్పకుండా ఆకులో ఒక్క వడ పెట్టుకుని మిద్దెక్కాడు. నేను వెనకే వెళ్ళాను. ఆయన ఆకు పిట్టగోడ మీద పెట్టి ఇంకా చెయ్యి తీయలేదు, ఎదురింటి తీగ మీది కాకి వచ్చి వడ తన్నుకుపోయింది. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నామె చూసి, "ముట్టింది లేప్పా, మంచిదే" అంది.

మా నాయన ఖాళీ ఆకు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంక కబురు రాదమ్మా" అన్నాడు.