పోయినాడు అన్న మాట

మా ఇంట్లో ‘పోయినాడు’ అనే మాట పనికిరాదు. మనిషి సంతకు వెళ్లినా, చేనికి వెళ్లినా, చుట్ట కాల్చుకోవడానికి వాకిట్లోకి వెళ్లినా సరే, “వస్తానన్నాడు” అనాలి. ఒకసారి ఎవరో వచ్చి మా నాయన కోసం అడిగితే నేను “మార్కాపురం పోయినాడు” అన్నాను. అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి నా మూతి మీద ఒక్కటి వేసింది. వేసి, తనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వచ్చినాయన బిత్తరపోయి మళ్లీ కనబడతానని జారుకున్నాడు.

తర్వాత నేను మిషన్ బడిలో చదువుకుని టీచరునయ్యాను. ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు చెప్పాను. కర్త లేకుండా వాక్యం రాస్తే నాకు ఒళ్లు మండిపోయేది. “ఎవరు పోయారు? ఎవరో రాసి చావు!” అని అరిచేదాన్ని. ఈ టీచరమ్మకు పిచ్చి అని పిల్లలు నవ్వుకునేవాళ్లు. పిచ్చే మరి. అది ఎక్కడ పట్టుకుందో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మాది పుల్లలచెరువు వైపు, అడవి అంచున ఒక క్రైస్తవుల పల్లె. అందరం కూలినాలి చేసుకు బతికేవాళ్లం. అప్పటికి మద్రాసులో దొరల ప్రభుత్వమే. ఎండలు ముదిరితే మా వైపు బావులు అడుగంటిపోతాయి. అప్పుడు వాగు ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకోవాలి. ఆ గుంటను చెలమ అంటాం. కడవ నిండడానికి సగం పూట పడుతుంది కాబట్టి, చెలమ దగ్గర జరిగినన్ని కొట్లాటలు మా ఊళ్లో ఇంకెక్కడా జరగవు.

అమ్మకు ఒక్కడే తమ్ముడు, నాకు మేనమామ. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. ఒక పొద్దున అతను తవ్వుకున్న చెలమలో పక్క ఊరి మనిషి ఒకతను ముందుగా చిప్ప ముంచాడు. ఇద్దరూ నోటికొచ్చినట్టు తిట్టుకుని జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు విడదీసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి ఆ మనిషి అదే వాగులో తల పగిలి పడి ఉన్నాడు. మామ మార్కాపురం పలకల గనుల్లో పని దొరుకుతుందేమోనని బయలుదేరి దారిలో ఉన్నాడు. పని కోసం వెళ్తున్నానని అతనన్నాడు, పారిపోతున్నావని పోలీసులు అన్నారు. పట్టుకుని సంకెళ్లు వేశారు.

జిల్లా కోర్టు నల్లమల అవతల ఉంది. గిద్దలూరు దాటాక రైలు కొండ సొరంగంలోకి దూరుతుంది. అమ్మకు రైలెక్కడం అదే మొదలు. పెట్టె అంతా చీకటైపోయేసరికి నాయన చెయ్యి పట్టుకుని, “మనం చచ్చిపోయినామా ఏందయ్యా?” అందట. నాయన ఆ మాట చెప్పి నవ్వించాలని చూసేవాడు. ఎవరికీ నవ్వు వచ్చేది కాదు.

అమ్మను సాక్షిగా పిలిచారు. కొట్లాట తర్వాత ఆ చెలమకు నీళ్లకు వెళ్లింది తనే. మామకు పెట్టిన వకీలు ముందే అమ్మకు గట్టిగా చెప్పాడు. “అడిగినదానికే చెప్పమ్మా. అడగనిది ఒక్కటి చెప్పినావంటే నీ తమ్ముని మెడకే చుట్టుకుంటాది.” ఇంకేముంది, అమ్మ ఆ మాటను బైబిలు వాక్యంలా పట్టుకుంది.

పైన కూర్చున్న జడ్జి దొర. సాక్షి తెలుగులో చెప్పినదాన్ని కోర్టు గుమాస్తా ఇంగ్లీషులో చెబితే, దొర ఇంగ్లీషులో రాసుకుంటాడు. ఆ పక్కన అసెస్సర్లని ఊరి పెద్దమనుషులు కొందరు కూర్చుంటారు. విచారణ విని తమ అభిప్రాయం చెప్పడం వాళ్ల పని. వినడం వినకపోవడం దొర ఇష్టం.

“నువ్వు చెలమకాడికి పోయినప్పుడు ఆ మనిషి ఎట్లున్నాడు? నీ తమ్ముడు యాడున్నాడు?” అని ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు అడిగారు. అమ్మ ప్రాణమంతా బోనులో నిలబడ్డ తమ్ముడి మీద ఉంది. తమ్ముడి సంగతే చెప్పింది.

“నేను పోయేతలికే పోయినాడు సామీ.”

అంతే. మా వైపు మాట అది. నేను వెళ్లేసరికే వెళ్లిపోయాడు అని. గుమాస్తా ఒక్క క్షణం ఆగి, దొరతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ‘నేను వెళ్లేసరికే ఆ మనిషి చచ్చిపోయి ఉన్నాడు’ అని కాగితం మీదికెక్కింది. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి అమ్మ ఏమీ చెప్పలేదు.

ఆ తెలుగును చెవులారా విన్న అసెస్సర్లు అందరూ మామ నేరం చేయలేదనే అన్నారు. దొర ఒప్పుకోలేదు. శవాన్ని చూసి కూడా కేక వేయకుండా కడవ నింపుకుని ఇంటికొచ్చిందంటే, చంపినవాడెవడో ఆ ఆడమనిషికి తెలుసునని తీర్పులో రాశాడు. మామకు ఉరిశిక్ష వేశాడు. తన నోటి మాటతోనే తమ్ముడికి ఉరి పడిందని వకీలు చెప్పినప్పుడు అమ్మ రెండు చేతులతో తన నోరు తనే కొట్టుకుంది. మూడో పూట దాకా మంచినీళ్లు ముట్టలేదు.

వకీలు దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడు. మా నాయనను చెట్టు కింద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పినవాడు అతనే. “ఉరి అని చెప్పే అధికారం జిల్లా జడ్జికి ఉంది గాని, ఉరి తీయించే అధికారం లేదు నాయనా. మీరు అప్పీలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, కేసు దానంతటదే మద్రాసు హైకోర్టుకు పోతాది. ఆడ ఇద్దరు జడ్జీలు కూర్చోని చదవాల. ఇద్దరూ సరే అంటేనే ఉరి. ఒకరు అవునని ఒకరు కాదంటే మూడో జడ్జికాడికి పోతాది. వాళ్లు తలుచుకుంటే ఉరి ఖాయం చేస్తారు, తగ్గిస్తారు, కొట్టేస్తారు. లేదంటే మళ్లా విచారణ చెయ్యమని కింది కోర్టుకు చెప్తారు.”

“మావాణ్ని మద్రాసుకు తీసకపోతారా?” అని అమ్మ అడిగింది.

“తీసకపోరమ్మా. వాళ్లకు మనిషితో పని లేదు. కాయితాలు చదువుతారు.”

“కాయితాలకు ఏం తెలుసు వాని సంగతి?”

గుమాస్తా కాగితాల కట్ట చంకన పెట్టుకుని లేచాడు. ఆ హైకోర్టులోనే ఇంకో వైపు మద్రాసు పట్నం వాళ్ల కేసులను ఎదురుగా విచారించేవారని పెద్దయ్యాక తెలుసుకున్నాను. సాక్షులు జడ్జీల కళ్లముందే నిలబడేవారట. మాలాంటి జిల్లాల వాళ్లకు మాత్రం అది చదివే కోర్టు. మేము ఏడ్చిన ఏడుపు కూడా అచ్చు వేసిన ఇంగ్లీషులోనే వాళ్లకు చేరాలి.

అప్పటి నుంచి ఆ ఇద్దరు జడ్జీలు మా ఇంట్లో కాపురం పెట్టారు. అమ్మ జొన్నలు విసురుతూ విసురుతూ తిరగలి ఆపేసి, “ఇప్పుడు చదువుతుంటారా?” అనేది. పొయ్యి మీద సంగటి మాడిపోతుంటే గోడ వైపు చూస్తూ, “అయ్యా, నిదానంగా చదవండయ్యా, మళ్లొకసారి చదవండి” అనేది. ఒకరోజు రెండు పీటలు వాల్చి, వాటి ముందు ఆ ఇద్దరూ వచ్చి కూర్చున్నట్టు నిలబడి ఉంది. నాకు భయమేసి బయటికి పరుగెత్తాను. ఆ పీటల మీద ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా వాటి మీద కూర్చోవడానికి ఈనాటికీ నాకు ధైర్యం లేదు.

ఆ ఇద్దరికంటే ఘోరం ఇంకొకడు. అమ్మ చెలమ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పక్క ఊరి మనిషి బతికే ఉన్నాడు. తుమ్మచెట్టు నీడలో కూర్చుని, అమ్మను చూసి మొహం అటు తిప్పుకున్నాడు. అమ్మ కళ్లు మూస్తే చాలు, అతను అట్లాగే మొహం తిప్పుకుని కనిపించేవాడు. “రేయ్, ఒక్కసారి ఇటు తిరగరా, ఎవరు కొట్టినారో చెప్పరా” అని కలవరించేది.

మామను ఉంచిన పెద్ద జైలుకు ఒకసారి అమ్మను, నన్ను నాయన తీసుకువెళ్లాడు. కమ్ముల వెనక మామ సగమైపోయి ఉన్నాడు. నన్ను చూసి, “ఏమే, పళ్లు ఎత్తుగా వచ్చినాయే, నిన్నెవుడు చేసుకుంటాడే!” అని వెక్కిరించాడు. నాకు పౌరుషమొచ్చి నోరు మూసుకున్నాను. టైమైపోయిందని వార్డరు అన్నాక అమ్మ, “పోయొస్తామురా” అంది. “నేనూ వస్తాలే అక్కా” అన్నాడు మామ.

మద్రాసులో మా కాగితాలు చదివిన ఇద్దరిలో ఒకాయన దొర, ఒకాయన తెలుగాయన అట. తెలుగాయనకు ఒక అనుమానం వచ్చిందట. తెలుగు విన్న అసెస్సర్లు అందరూ ఒక మాట, ఇంగ్లీషు రాసుకున్న జడ్జి ఒక మాట, ఇదేమిటి? ఆ సాక్షి అసలు తెలుగులో ఏమంది? ఉరి ఖాయం చేయకుండా, సాక్షిని మళ్లీ పిలిచి, ఆమె మాటలను తెలుగు అక్షరాల్లోనే రాసి పంపమని కింది కోర్టుకు ఉత్తర్వు వచ్చింది. ఆ అధికారం కూడా వాళ్లకు ఉందట. ఆ మహానుభావుడి పేరు మాకు తెలియదు. అమ్మ ప్రార్థనలో అతన్ని ‘తెలుగు జడ్జిగారు’ అనే చెప్పుకునేది.

మళ్లీ సొరంగం, మళ్లీ కోర్టు. ఈసారి నేనూ వెనక బెంచీ మీద ఉన్నాను.

“పోయినాడన్నావు. చచ్చిపోయినాడనా, వెళ్లిపోయినాడనా?”

“అయ్యో సామీ, నా తమ్ముడు చచ్చిపోయినాడని నేనెట్ల అంటా? ఎదురుంగా బోనులో ఉండె గదా! పోయినాడంటే పోయినాడే!”

“మరి ఆ మనిషి?”

“బతికే ఉండె. నన్ను చూసి మొగం తిప్పుకున్నాడు.”

“ఈ మాట మొదట ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడిగితిరా? అడిగిందానికే చెప్పమంటిరి!”

కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ల నోట్లో మన్ను పడ.

కాగితాలు మద్రాసు చేరేసరికి హైకోర్టుకు ఎండాకాలం సెలవులు. ఉరి నెత్తిన పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉంటే వీళ్లకు సెలవులేంటని నాయన మండిపడ్డాడు. సెలవులు అయ్యాక తీర్పు వచ్చింది. శిక్ష కొట్టేశారు, విడుదల. ఆ సంగతి వకీలు గుమాస్తా మనిషితో చెప్పి పంపితే, పల్లెంతా మా వాకిట్లో పాటలు పాడింది. అమ్మ కొత్త పంచె ఒకటి మూట కట్టుకుంది. ముగ్గురం రైలెక్కాం.

జైలు తలుపు దగ్గర వెనకటి వార్డరే ఉన్నాడు. అమ్మ మామ పేరు చెప్పింది. అతను మా మొహాలు చూసి, “పోయినాడమ్మా” అన్నాడు.

అమ్మ చేతిలో మూట కింద పడింది. తలుపు కమ్ములు పట్టుకుంది. ఉరి తీసేశారనే అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. అమ్మే అడిగింది.

“ఏ పోవడం నాయనా?”

వార్డరుకు అర్థం కాలేదు. నాయన విడమరిచి అడిగితే పాపం నొచ్చుకుని, “అయ్యో, విడుదలై పోయినాడమ్మా! మొన్ననే పంపిచ్చినారు. మీ ఊరికి టికెట్టు కూడా ఇచ్చినారు” అన్నాడు. అమ్మ అక్కడే కూలబడి, ఏడుస్తూ నవ్వుతూ, “సచ్చినోడా, ప్రాణం తీస్తివి గదరా” అని ఆ వార్డరును తిట్టింది. అతనూ నవ్వాడు. వచ్చిన రైల్లోనే తిరిగి బయలుదేరాం. మామ ఇంటికొచ్చి తలుపు గడి చూసి తిట్టుకుంటుంటాడని దారంతా నాయన అమ్మను ఆటపట్టించాడు. సొరంగంలో కూడా అమ్మ నవ్వుతూనే ఉంది.

ఇంటి తలుపు మేము వేసిన గడి వేసినట్టే ఉంది.

మామ రాలేదు. మార్కాపురం గనుల దగ్గర చూశాం, గిద్దలూరు స్టేషన్లో అడిగాం. కనిగిరి వైపు, కొమరోలు వైపు చుట్టాలకు కబురు పెట్టాం. ఎక్కడా ఎవరికీ కనబడలేదు. ఒకసారి నాయన విసుగెత్తి, “చెయ్యనోడైతే ఇంటికి రానీకి వానికేం అడ్డం?” అని నోరు జారాడు. ఆ పంటకాలమంతా అమ్మ అతనితో మాట్లాడలేదు. మాట్లాడలేదు గాని, ఆ మాటను మరిచిపోనూ లేదు. ఆ తర్వాత తుమ్మచెట్టు కింది మనిషిని ఇటు తిరగమని కలవరించడం మానేసింది. అతను తిరిగి ఎవరి పేరు చెబుతాడోనని భయపడిందేమో! నాకు ఆ భయం ఇంకా ఉంది.

మా గుడిలో ఏటా చివరి ఆరాధనలో చనిపోయినవాళ్ల పేర్లు ఒకసారి చదువుతారు, దూరదేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఇంకోసారి ప్రార్థన చేస్తారు. మామ పేరు ఎందులోనూ చేర్చనివ్వలేదు అమ్మ. ఏళ్లు గడిచాయి. అమ్మ మంచాన పడ్డాక గుడి అయ్యగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన కొత్తగా వచ్చినవాడు, చిన్నవాడు.

“అమ్మా, నీ తమ్ముని కోసం కూడా ప్రార్థన చేద్దాం. ఏమని చెయ్యమంటావు? చనిపోయినాడనా, దూరంగా ఉన్నాడనా?” అని మెల్లగా అడిగాడు.

అమ్మ నా మూతి మీద కొట్టిన రోజు నుంచి ఆమె నోట వినని మాట అప్పుడు విన్నాను.

“పోయినాడని చెప్పండి అయ్యగారూ. ఏ పోవడమో ఆయనకు తెలుసు.”