నెల్డా ప్రూయిట్ కార్బైన్ ఎంచుకున్న వేసవి

మేము గురి పోటీలు పెట్టుకునే పాత కంకర గుంటలో తుపాకీ పట్టినవాళ్ళలో నెల్డా ప్రూయిట్ చేత తిట్లు తిననివాడు లేడు. నేనూ తిన్నాను. పన్నెండేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు, పిస్తోలు బల్ల మీద పెట్టి దాని మూతి పక్కవాడి వైపు ఉందని చూసుకోలేదు. ఆవిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని అవతలికి లాక్కెళ్ళింది. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు ఉత్తరాలు పంచేవాడివట కదా. తప్పుడింట్లో ఉత్తరం పడేస్తే వెళ్ళి తెచ్చుకోవచ్చు. తూటాని ఏ మొహం పెట్టుకుని తెచ్చుకుంటావు?" అంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నా పక్కనే నిలబడి, పిస్తోలు ఎలా పట్టుకోవాలో, ఎలా దించాలో, ఎలా ఖాళీ చెయ్యాలో ఓపిగ్గా నేర్పింది. ఇంటికెళ్ళేముందు పీచ్ పండ్లు కూరి వేయించిన కజ్జికాయ ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

ఆవిడ కోళ్ళ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. కళ్ళ ముందు నుంచి కోళ్ళు వరసగా కదిలిపోతూ ఉంటాయి, నిమిషానికి ముప్పై పైచిలుకు. ఎడం చెయ్యి కొక్కెంలా వంచి రెక్కని వెనక్కి లాగాలి, కుడిచేతి కత్తితో కీలు తెంపాలి. మా జిల్లాలో సగం మంది ఆడవాళ్ళ మణికట్లు ఆ ఫ్యాక్టరీ తినేసినవే. యాభయ్యో ఏట ఎవరో పిలిస్తే సరదాగా మా గుంటకి వచ్చి తూటాతో ఇనుప పలకని కొట్టిందట. ఎందుకంత నచ్చిందని ఒకసారి అడిగాను. "ఫ్యాక్టరీలో ఎన్ని లక్షలు కోశానో, ఒక్కటీ మోగలేదు. ఇది మోగింది" అంది.

మా పోటీలో పెద్ద విడ్డూరమేమీ ఉండదు. నెలకో శనివారం, అయిదు ఇనుప పలకలు. టైమర్ కూయగానే అయిదింటినీ కొట్టాలి, ఎవరు త్వరగా కొడితే వాళ్ళు గొప్ప. ఒకరి తర్వాత ఒకరు కాల్చే మధ్యలో, ఖాళీగా ఉన్నవాళ్ళు వెళ్ళి తూటా మచ్చలు కనబడకుండా పలకలకి తెల్లరంగు కొట్టి వస్తారు. నెల్డా పిస్తోలుతో మగాళ్ళందరినీ ఏడిపించిన నెలలు చాలా ఉన్నాయి. ఆవిడ భర్త ఆర్లిస్‌కి చప్పుడు పడదు. దూరంగా ట్రక్కులో కూర్చుని రేడియోలో బేస్‌బాల్ వింటూ, ఆవిడ వంతు వచ్చినప్పుడు మాత్రం అద్దం దించేవాడు.

ఈ కార్బైన్ గొడవ మా దగ్గరికి తెచ్చింది హోయ్ట్. ఊళ్ళో తుపాకుల కొట్టు అతనిదే. కార్బైన్ అంటే పిస్తోలు తూటానే వేసుకుని, భుజానికి ఆనించి కాల్చే పొట్టి తుపాకీ. రెండు చేతులూ, భుజమూ, చెంపా అన్నీ కలిసి దాన్ని పట్టుకుంటాయి కాబట్టి గురి తేలిగ్గా కుదురుతుంది. పోటీలో కార్బైన్ వాళ్ళకి వేరే వరస పెట్టి లెక్క విడిగా చూసినా నెల్డాకి కడుపుమంట తగ్గలేదు. హోయ్ట్ కాల్చే గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా మొదలుపెట్టేది. "ఏం హోయ్ట్, అన్నిటికీ ఆనించుకున్నావుగా. మంచం కూడా తెచ్చుకోకపోయావా, పడుకుని కాల్చేవాడివి."

"ఆర్డర్ పెట్టా మిస్ నెల్డా, పరుపు ఇంకా రాలేదు" అనేవాడు హోయ్ట్. మా వైపు పెళ్ళైన పెద్దావిడనైనా గౌరవంగా మిస్ అనే పిలుస్తాం. పదేళ్ళుగా ఇదే వరస. మేము పదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాం.

మే నెల పోటీలో టైమర్ నా చేతిలో ఉంది. నెల్డా గీత మీద నిలబడింది. కూత పడింది, పిస్తోలు పైకి తీసింది, రెండు పలకలు మోగాయి. మూడో తూటా పేలగానే పిస్తోలు ఆవిడ చేతిలోంచి జారి కంకర మీద పడింది.

మా దగ్గర దీనికి ఒకటే నియమం. పడిన తుపాకీని కాల్చేవాళ్ళు ముట్టుకోకూడదు. టైమర్ పట్టుకున్నవాడే తియ్యాలి, ఖాళీ చెయ్యాలి, ఇక ఈ రోజుకి నీ ఆట అయిపోయిందని పైకి చెప్పాలి. గాభరాలో వంగి పట్టుకోబోయిన వేలు ట్రిగ్గర్ మీద పడి ప్రాణాలు పోతాయి. ఇది నాకు నేర్పింది నెల్డానే. ఆవిడ వంగలేదు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టి నిలబడిపోయింది. నేను తీశాను, ఖాళీ చేశాను, ఆవిడ సంచిలో పెట్టాను. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పకుండా టైమర్ కేసి చూస్తున్నాను.

"చెప్పు టెరెల్" అంది.

"మిస్ నెల్డా, పోనీ..."

"పోనీ ఏంటి పోనీ? నాకొక నియమం, హోయ్ట్‌కొక నియమమా? చెప్పు."

"ఇవాళ్టికి మీ ఆట అయిపోయింది, మిస్ నెల్డా" అన్నాను. చెబుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై నాలుగేళ్ళ వాణ్ణి, అందరి ముందూ.

ఆట పోయినవాళ్ళు ముఖం మాడ్చుకుని ఇంటికి పోకూడదు, ఉండి పలకలకి రంగు కొట్టాలి. అదీ ఆవిడ పెట్టిన పద్ధతే. సాయంత్రం దాకా కొట్టింది. వేలితో రంగు చిమ్మే డబ్బా మీట నొక్కలేక, డబ్బాని పొట్టకి ఆనించుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కడం నేను చూశాను. చూడనట్టే ఉన్నాను.

జూన్‌లో ఆవిడ రాలేదు. జులైలోనూ రాలేదు. నేను రోజూ వాళ్ళింటి ముందు పెట్టెలో ఉత్తరాలు వేసేవాణ్ణే కాబట్టి ఎదురుపడకుండా ఉండలేం. అడిగితే టమాటాలకి నీళ్ళు పెట్టాలంది. మరోసారి కోడలు వస్తోందంది. వాళ్ళకి కొడుకే లేడు.

జులై ఆఖర్లో హోయ్ట్ కొట్లో ఉత్తరాలు ఇవ్వడానికి వెళితే, అద్దాల బీరువాలో నెల్డా పిస్తోలు కనబడింది. నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ పిస్తోలు అమ్మకానికి పెడతావా? సిగ్గులేదూ?" అన్నాను.

"అరవకు. పెట్టమంది, పెట్టాను. ఇప్పటికి నలుగురు అడిగారు. నలుగురితోనూ అది అమ్ముడైపోయింది, కొన్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళాలి అని అబద్ధం చెప్పాను" అన్నాడు హోయ్ట్. అని బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "ఆవిణ్ణి తీసుకురా టెరెల్. నన్ను తిట్టడానికైనా సరే రమ్మను."

ఆ సాయంత్రమే వెళ్ళాను. నెల్డా వరండాలో కూర్చుని బీన్స్ తుంచుతోంది. తుంచడం కాదు, ఒక్కో కాయనీ అరచేతి కింద పెట్టి బల్లకేసి నొక్కి విరుస్తోంది. సంగతి చెప్పాను. పిస్తోలుతో కాకపోతే కార్బైన్‌తో కాల్చమన్నాను.

"పదేళ్ళు నవ్వానురా వాణ్ణి చూసి. ఇప్పుడు నేనే పట్టుకుంటే నా మొహాన వాడు నవ్వడూ?"

"నవ్వుతాడు. మేమూ నవ్వుతాం. నవ్వనివ్వండి."

"పొమ్మన్నాను."

"మీరు లేకపోతే అక్కడ బాగాలేదు మిస్ నెల్డా. టైమర్ పట్టుకుని నిలబడితే నాకు మనసు ఎక్కడో ఉంటోంది" అన్నాను. ఇంతకన్నా అందంగా చెప్పడం నాకు రాదు.

ఆవిడ ఇంకో నాలుగు కాయలు విరిచింది. "చూడ్డానికే వస్తా. కొంటానని వాడికి చెప్పకు" అంది.

శుక్రవారం నాడు ఆర్లిస్ ఆవిణ్ణి ట్రక్కులో హోయ్ట్ కొట్టుకి తీసుకొచ్చాడు, నేనూ వెళ్ళాను. ఎప్పుడూ కొట్టు లోపలికి రానివాడు ఆ రోజు వచ్చి తలుపు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. హోయ్ట్ మూడు కార్బైన్లు ఖాళీ చేసి, చూపించి, బల్ల మీద వరసగా పెట్టాడు. నెల్డా మొదటిదే ఎత్తింది. నల్లగా, నున్నగా చూడ్డానికి బాగుంది. తూటాని లోపలికి ఎక్కించడానికి లాగే పిడి దానికి వెనకాల ఉంటుంది, రెండు వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుని లాగాలి. లాగింది. వచ్చింది.

"ఇది చాలు" అంది.

"పదిసార్లు లాగండి" అన్నాడు హోయ్ట్.

మూడోసారి వేళ్ళు జారాయి. నాలుగోసారీ జారాయి. "నూనె మరీ పూసి పెట్టావు. కోడి వేపుడు చేద్దామనుకున్నావా?" అని వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుంది. నూనె లేదు. తర్వాతది మడత పడేది, తేలిక. దాని పిడి చెంప కింద దాక్కుని ఉంటుంది. అదీ రెండుసార్ల కంటే రాలేదు. అయినా మొదటిదే కావాలని పట్టుబట్టింది. మెల్లగా అలవాటవుతుందంది.

హోయ్ట్ మొండివాడు కాడు కానీ, తుపాకీ విషయంలో మొహమాటపడడు. "మిస్ నెల్డా, ఒకటి అడుగుతా, తిట్టకండి. ఇంట్లో మీ చేత్తో రానివి ఏమున్నాయి? సీసా మూతలు వస్తున్నాయా?"

"ఎందుకు రావు? అన్నీ నేనే తీసుకుంటాను. పిస్తోలు జారింది చెమటకి."

"ఊరగాయ సీసా?"

"తీస్తానని చెప్పానా లేదా?"

తలుపు దగ్గర ఆర్లిస్ గొంతు సవరించుకున్నాడు. "రావు హోయ్ట్" అన్నాడు. "పొద్దున్న అది లేవకముందు నేను అన్నీ వదులు చేసి పెడతాను."

నెల్డా మొగుడి వైపు తిరిగింది. ఆవిడకి తెలియదు. నిజంగా తెలియదు. మూతలు తన చేతికి వస్తున్నాయనే అనుకుంటూ ఉందన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"మూడేళ్ళవుతుంది."

"కాఫీ డబ్బా?"

"అదీ."

"నా మందుల సీసా?"

"ముందు అదే మొదలెట్టాను." ఆర్లిస్ టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. "చెప్తే ఏడుస్తావని చెప్పలేదు. ఇప్పుడు తప్పుడు తుపాకీ కొనుక్కుంటున్నావు, చెప్పాల్సి వచ్చింది."

నెల్డా బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరివో అన్నట్టు వాటినే తిప్పి తిప్పి చూసుకుంది. ఆర్లిస్ వచ్చి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు.

"సరే" అందావిడ చివరికి. "గిల్లడం రాదు. మెలి తిప్పడం రాదు. నొక్కడం అరచేత్తో అయితే వస్తుంది. ఇప్పుడు చెప్పు హోయ్ట్, ఏం పట్టుకోను?"

హోయ్ట్ మొదటి రెండూ తీసేసి మూడోది ముందుకి జరిపాడు. దాని పిడి ఎడంపక్క, ముందువైపు బయటికి పొడుచుకుని ఉంటుంది. వేళ్ళతో పనిలేదు, అరచెయ్యి అంచు తగిలించి వెనక్కి లాగితే చాలు. మేగజైన్, అంటే తూటాల పెట్టె, దించే మీట కూడా బొటనవేలి మొదలుతో నెట్టేంత పెద్దది. నెల్డా లేచి నిలబడి తుపాకీని భుజానికి ఆనించింది. ఎడం చెయ్యి వంచి పిడికి తగిలించి ఒక్క లాగు లాగింది. సాఫీగా వచ్చింది. మళ్ళీ లాగింది. పది, పదిహేను, ఇరవై. ఊపిరి కూడా తప్పలేదు.

"రెక్క లాగినట్టే ఉందిరా ఇది" అంది, కొంచెం ఆశ్చర్యంగా. "ముప్పై ఒక్క ఏళ్ళు లాగాను. ఇది మాత్రం పోలేదు చూడు."

"ఇందాకే ఇవ్వాల్సింది నేను" అన్నాడు హోయ్ట్.

"ఇస్తే తీసుకునేదాన్నా? నీ మొహం." తుపాకీ బల్ల మీద పెట్టి ఆర్లిస్ వైపు చూసింది. "ఇకనుంచి మూతలు నా ఎదురుగానే తియ్యి. దొంగతనంగా తీస్తే ఊరుకోను."

"అలాగే" అన్నాడు ఆర్లిస్.

ఆగస్టు పోటీకి వచ్చింది. పేర్ల కాగితంలో కార్బైన్ వరసలో, హోయ్ట్ పేరు కిందే తన పేరు రాసింది. పెన్ను పిడికిట్లో పట్టుకుని చంటిపిల్లలా పెద్ద పెద్ద అక్షరాలు వేసింది. మా వాళ్ళు ఒక పరుపు తెచ్చి గీత దగ్గర వేశారు. ఆవిడ దాన్ని చూసి, "దిండేదిరా?" అని అడిగేసరికి గుంటంతా నవ్వు. దూరంగా ట్రక్కు అద్దం కిందికి దిగింది.

టైమర్ నాదే. అయిదు విడతలు కాల్చింది. మొదటి రెండూ తడబడింది. పిస్తోలు అలవాటుకి చూపు తుపాకీ పైనుంచి పోతోంది, చెంప ఆనడం లేదు. మూడో విడత నుంచి ఆనింది. పలకలు ఒకటొకటే మోగుతుంటే నా వీపు మీంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. అంత ఆనందం నాకు నా సొంత గెలుపులో ఎప్పుడూ కలగలేదు.

ఆఖరి విడత అయ్యాక, ఖాళీ చేసి చూపించండి అన్నాను. ఆవిడ అరచేత్తో మీట నెట్టి మేగజైన్ దించింది. పిడికి చెయ్యి తగిలించి వెనక్కి లాగి పట్టుకుంది. లోపల తూటా లేదని నేను కళ్ళారా చూసి చెప్పేదాకా అలా పట్టుకునే ఉండాలి. అప్పటికే అలిసిపోయి ఉంది. చెయ్యి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా వణుకుతోంది. నేను పైపైన చూసి ఖాళీ అనేస్తే ఎవరూ ఏమీ అనరు. అనేయబోయాను కూడా.

"మొహమాటమా?" అంది, కళ్ళు పలకల మీదినుంచి తిప్పకుండానే. "వంగి చూడు."

వంగాను. లోపల ఖాళీగా ఉంది. హోయ్ట్‌కి ఎంతసేపు చూస్తానో అంతసేపూ చూశాను, ఒక్క క్షణం తగ్గించలేదు. ఆవిడ చెయ్యి వణుకుతూనే ఉంది, పిడిని మాత్రం వదల్లేదు.

"ఖాళీ" అన్నాను.

పిడి వదిలింది. తుపాకీ సంచిలో పెట్టుకుని, చేతిని చంకలో దాచుకుని ఒక నిమిషం అలాగే నిలబడింది. ఆ రోజు కార్బైన్ వాళ్ళు ఏడుగురిలో ఆవిడది ఆరో స్థానం.

"వచ్చే నెల కూడా టైమర్ నువ్వే పట్టుకో టెరెల్" అంది.