టైమరు, థ్రెడ్డు, మోగని బెల్లు

రొయ్యకు వాసన మొదలైతే దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఈ సంగతి నాకు ఇంజనీరింగ్ కాలేజీ నేర్పలేదు. హనుమాన్ జంక్షన్ దాటాక గుడివాడ రోడ్డులో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజి ఓనరు, రొయ్యల ట్రే ఒకటి నా ముఖం దాకా ఎత్తి నేర్పాడు.

"వాసన చూడండి. చూడండి బాబూ, మొహమాటం దేనికి? మీ ప్రోగ్రాము వాసనేగా ఇది."

ఆయన అండీలు, గారులు పెట్టి తిట్టే మనిషి. అలాంటి తిట్లకు ఎదురు చెప్పడం కష్టం. నేను వాసన చూశాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. విజయవాడ గవర్నరుపేటలో, మందుల షాపు మేడ మీది ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేసేవాణ్ణి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ కోల్డ్ స్టోరేజికి మేం రాసిచ్చిన ప్రోగ్రాము మూడు పనులు చేయాలి. ప్రతి నిమిషం గదుల్లో చలి ఎంతుందో తీగ ద్వారా చదవాలి. చలి తగ్గితే గోడకున్న బెల్లు మోగించాలి. లారీ బయటికి వెళ్ళేటప్పుడు గేటు పాసు ప్రింటు తియ్యాలి. మూడూ ఒకే కంప్యూటర్ మీద జరగాలి. ఆ రోజు చలి పుట్టించే కంప్రెసర్ ఆగిపోయింది, చలి తగ్గింది, బెల్లు మాత్రం మోగలేదు. ఒక గది సరుకంతా పాడైపోయింది.

బాసు అరవలేదు. టీ తాగుతూ చెప్పాడు. "ఇంకొక్కసారి మోగాల్సినప్పుడు మోగకపోతే నువ్వు వేరేచోట చూసుకోవయ్యా."

నేనే ఎందుకంటే, బెల్లు మోగించే భాగంలో టైమరు పెట్టింది నేను. థ్రెడ్డు పెట్టమన్నది మా సీనియర్. మా ఇద్దరికీ ఆ గొడవ ప్రోగ్రాము మొదలుపెట్టిన రోజు నుంచీ ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. టైమరంటే, హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడే నిమిషానికోసారి లేచివెళ్ళి పొయ్యి మీద పాలు చూసి రావడం. మనిషి ఒక్కడే కాబట్టి వాడు పాలు చూస్తున్నంతసేపు బిల్లు కట్టేవాళ్ళు ఆగాలి. థ్రెడ్డంటే పాల దగ్గర వేరే మనిషిని పెట్టుకోవడం. అప్పుడు గల్లా ఆగదు. కానీ ఆ రెండోవాడు వచ్చి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాడంటే, లెక్క ఎప్పుడు తప్పిందో ఇద్దరికీ తెలియదు. ఏది పెట్టాలో తేల్చుకునే ముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. పనికి ఎంతసేపు పడుతుంది? దాని ఫలితం తెర మీద చూపించాలా? కాస్త ఆలస్యమైతే ఏం పోతుంది? చలి చదవడం రెప్పపాటులో అయిపోతుంది. అంకె తెర మీద చూపించాలి. రెండు మూడు సెకన్ల ఆలస్యం రొయ్యకు లెక్కలోది కాదు. మూడు జవాబులూ టైమరు వైపే ఉన్నాయి. ఇందులో అభిప్రాయాలకు చోటు లేదు.

సీనియర్‌కు మాత్రం అభిప్రాయాలు ఉండేవి. కొత్త భాషలో నాలుగు లైన్లు రాస్తే థ్రెడ్డు పుడుతుందని హైదరాబాద్‌లో ఏదో కోర్సులో విని వచ్చాడు. అప్పటినుంచీ ఆయనకు ప్రతిచోటా థ్రెడ్డే కనబడేది.

"ఇంకా టైమర్లేంటయ్యా? బొమ్మలు ఆడించుకోడానికి పనికొస్తాయవి. కొండపల్లి వెళ్ళు, మంచి బొమ్మలు దొరుకుతాయి."

"థ్రెడ్డు పెడితే తెర మీద అంకె ఎవరు రాస్తారు సార్?"

"థ్రెడ్డే రాస్తుంది."

"రాయకూడదు సార్. ఆ అంకె కనబడే విండోని తయారుచేసిన థ్రెడ్డు తప్ప వేరేది దాన్ని ముట్టుకోకూడదు."

"నాకు నేర్పుతున్నావా?"

"పుస్తకంలో ఉంది సార్."

"అయితే జీతం పుస్తకానికే ఇద్దాం. నువ్వింటికెళ్ళు."

ఆఫీసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాసిపెట్టాలి. సరుకు కొనేవాళ్ళ తరఫున ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి చలి చార్టు చూసేవాడు. అందులో పూర్తి నిమిషాలే పడాలని, వెనకాల సెకన్ల తోకలు ఉండకూడదని పట్టుబట్టింది సీనియరే. అందుకోసం నా టైమరు ప్రతి సెకనూ కంప్యూటర్ గడియారం చూసుకునేది. తరవాతి నిమిషం వచ్చిందా? వస్తే చదివేది, రాకపోతే ఎదురుచూసేది. ఆయన అడిగింది అదే, నేను రాసిందీ అదే.

సరుకు పాడయ్యాక నా ప్రోగ్రాము తీసేసి ఆయన థ్రెడ్డు ప్రోగ్రాము పెట్టారు. అది ఒక పూట బాగా నడిచింది. పూర్తి నిమిషాల సంగతి తన వంతు వచ్చేసరికి ఆయనే మర్చిపోయాడు. ఆయన థ్రెడ్డు నిమిషంపాటు నిద్రపోయి, లేచి, చదివి, మళ్ళీ నిద్రపోయేది. చార్టు నిండా సెకన్ల తోకలే. మధ్యాహ్నానికి నేను చెప్పింది జరిగింది. థ్రెడ్డు నేరుగా తెర మీద అంకె రాయబోయింది, అదే సమయంలో క్లర్కు పాసు తియ్యబోయాడు, విండో తెల్లబడి బిగుసుకుపోయింది. గేటు దగ్గర లారీలు వరసగా నిలబడ్డాయి. హారన్ల మధ్య నుంచి క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"మీ సీనియర్ గారి ప్రోగ్రాము ధ్యానంలో కూర్చుంది సార్. కొబ్బరికాయ కొట్టమంటారా?"

సాయంత్రానికి మళ్ళీ నా టైమరే పెట్టారు. అది గెలుపు కాదు. సరుకు పాడైన రోజు లాగే చార్టులో మళ్ళీ ఖాళీలు కనబడ్డాయి, చలి చదవని నిమిషాలు. ఒకరోజు పొద్దున, ఒకరోజు మధ్యాహ్నం, ఇంకో రోజు సాయంత్రం. ఒక్కోసారి పావుగంట, ఒక్కోసారి గంట. ఆ తరవాత దానంతటదే బాగయ్యేది. కంప్యూటర్ ఆగలేదు, తీగ ఊడలేదు, తప్పు సూచించే మెసేజ్ ఒక్కటీ రాలేదు. ఖాళీ ఉన్న సమయంలో కంప్రెసర్ ఆగిందా, బెల్లు మోగదు. నా ఉద్యోగం అక్కడితో సరి.

"వెళ్ళి అక్కడే కూర్చో" అన్నాడు బాసు. "సంగతి తేలేదాకా రాకు."

రోజూ పొద్దున్నే గుడివాడ రోడ్డు బస్సెక్కేవాణ్ణి. అక్కడ నాకు వేసిన కుర్చీకి ఒక కాలు పొట్టి. క్లర్కు యాభై దాటిన మనిషి, ముస్లిం. ఓనరు దగ్గర్నుంచి హమాలీల దాకా అందరూ ఆయన్ని భాయ్ అనేవారు. నేనంటే ఆయనకు మొదటిరోజే పడలేదు.

"ఏంటి సార్, కాపలా కంప్యూటర్‌కా, నాకా?"

"కంప్యూటర్‌కే భాయ్."

"మంచిది. అది తిండి అడగదు."

ఆ పక్క గోడకు ఒక తెలుగు క్యాలెండర్ వేలాడేది. ఒకరోజు వైజాగ్ పోర్టుకు లారీ సిద్ధమైంది. ఐసు వేసి తలుపులు బిగించారు. పాసు తియ్యబోయే ముందు భాయ్ తలెత్తి ఆ రోజు గడి చదివాడు. తరవాత మౌసు తెర కింది మూలకు తీసుకెళ్ళి గడియారం మీద రెండుసార్లు నొక్కాడు. గంటల ముల్లు వెనక్కి జరిగింది.

"ఏం చేస్తున్నారు భాయ్?"

"టైము వెనక్కి పెడుతున్నా."

"ఎందుకు?"

"ఎందుకేంటి సార్, వర్జ్యం. వర్జ్యంలో బండి కదలకూడదుగా. ఐసేమో ఆగదుగా. అందుకని బండి ఇప్పుడే కదుల్తుంది. పాసు మీద మాత్రం వర్జ్యం రాకముందే కదిలినట్టుంటది."

"మీకూ వర్జ్యం పట్టింపుందా?"

"నాకు వర్జ్యమూ లేదు, గిర్జ్యమూ లేదు. ఓనరు గారి ఆర్డరు. బండి పోయాక మళ్ళీ ముందుకు పెట్టేస్తా. గుర్తుంటే."

పాసు ప్రింటయింది. లారీ గేటు దాటింది. తెర మీద చలి అంకె మారలేదు. నా టైమరు ప్రతి సెకనూ లేచి గడియారం చూస్తోంది. తను చదవాల్సిన నిమిషం హఠాత్తుగా గంట దూరానికి పోయింది. అది చెప్పినమాట వినే ప్రోగ్రాము కాబట్టి ఎదురుచూస్తోంది. వర్జ్యం ఏ రోజూ ఒకే వేళకు రాదు. అందుకే నా ఖాళీలకు ఒక వరస దొరకలేదు. ఒక ఓనరు పంచాంగాన్ని మోసం చేస్తున్న సంగతి ప్రోగ్రాములో ఎంత వెతికినా కనబడదు.

ఓనరుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా నవ్వాడు.

"మా దగ్గర గడియారం ఎవరు ముట్టుకుంటారండీ? మర్యాదగా వ్యాపారం చేసుకుంటున్నవాళ్ళం. ఏం భాయ్?"

భాయ్ ఫ్యాను వైపు చూశాడు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే సీనియరే ఎత్తాడు. "కస్టమర్ మీద నేరాలు మోపకు. టైమరు చేతగాలేదని ఒప్పుకుని, థ్రెడ్డు పెట్టి రా."

పెట్టలేదు. ఇక వాళ్ళ గడియారాన్ని నమ్మదలుచుకోలేదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి ఎంతసేపైందో లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. దాన్ని భాయ్ మౌసు తాకలేదు, ఓనరు జ్యోతిష్యం తాకలేదు. టైమరు ఆ లెక్క చూసుకుని చదివేలా మార్చాను. గేటు పాసు తెర మీద ఇంకో గడి పెట్టాను. అందులో ఏ టైము కొడితే పాసు మీద అదే పడుతుంది. వాళ్ళ అబద్ధానికి దాని సొంత గడి ఇచ్చాను.

భాయ్ వాడి చూశాడు. "ఇదేదో ముందే పెట్టి ఏడవచ్చుగా సార్. రోజూ వెనక్కీ ముందుకీ తిప్పలేక చస్తున్నా."

కంప్రెసర్‌ని ఒకసారి ఆపి బెల్లు పరీక్షిద్దామంటే ఓనరు ఒప్పుకోలేదు. "రొయ్యలతో ప్రయోగాలేంటండీ? కావాలంటే మీ ఇంట్లో ఫ్రిజ్ ఆపుకోండి." దానంతట అది పడిపోయేదాకా ఆ పొట్టికాలి కుర్చీలో ఊగుతూ కూర్చోవడమే మిగిలింది.

అది పడిపోయింది. గేటులో చెన్నై లారీ ఉంది. క్యాలెండర్ ప్రకారం వర్జ్యం నడుస్తోంది. భాయ్ కొత్త గడిలో పాత టైము కొడుతున్నాడు. బెల్లు మోగింది. చెవులు చిల్లులు పడేలా, ఆగకుండా మోగింది. ఓనరు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండది! వర్జ్యంలో, బండి కదిలే వేళ ఆ గోలేంటండీ? అశుభం!"

"కంప్రెసర్ ఆగింది. ముందు అది చూసుకోండి" అన్నాను.

"మీరు ముందు బెల్లు ఆపండి!"

"చలి వస్తే అదే ఆగుతుంది."

మెకానిక్ పరిగెత్తాడు. కాసేపటికి కంప్రెసర్ లేచింది, అంకె కిందికి దిగింది, బెల్లు ఆగింది. ఒక్క ట్రే కూడా పాడవలేదు. ఓనరు నాకు థాంక్స్ చెప్పలేదు. లోపలికెళ్ళి మా బాసుకు ఫోన్ చేసి, మీ కుర్రాడు వర్జ్యంలో మోగేలా రాశాడని ఫిర్యాదు చేశాడు. ఫోన్ నా చేతికిచ్చారు.

"ఏమయ్యా, వర్జ్యంలో మోగించావంట?"

"మోగింది సార్."

"మోగిందిగా. వచ్చెయ్. రేపు నీ ఉద్యోగం ఆర్డరు టైపు చేయిస్తా."

మర్నాడు ఆఫీసులో సీనియర్ నా టేబులు దగ్గర ఆగాడు. "మొత్తానికి థ్రెడ్డు పెట్టావన్నమాట."

"లేదు సార్. టైమరే."

"అయితే మళ్ళీ ఆగుతుంది. రాసిపెట్టుకో."

ఆగలేదు. ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. నిద్రపోయి లేచే ఆయన థ్రెడ్డు గడియారం వైపు అసలు చూసేదే కాదు. తెరను ముట్టుకోకుండా రాసి ఉంటే, భాయ్ గడియారం ఎన్నిసార్లు తిప్పినా అది చలి చదువుతూనే ఉండేది. రొయ్యలు పాడైన ఆ మొదటిరోజే బెల్లు మోగేది. ఆ తరవాత ఆయన పక్కన చాలాకాలం పని చేశాను. థ్రెడ్ల మీద ఆయన ఉపన్యాసాలు చాలా విన్నాను. ఇది మాత్రం చెప్పలేదు. ఇప్పుడు కలిసినా చెప్పను.