కొండచీపురు దుబ్బులు

ఆమె పేరు నేనడగలేదు. పాలకొండ బస్సులో, కిటికీ పక్క సీట్లో, ఒళ్లో తడి గోనెసంచి పెట్టుకుని కూర్చుంది. సీసాలో నీళ్లు తను తాగకుండా సంచి మీదే చల్లుతోంది.

"ఏటమ్మా సంచిలో?" అన్నాను.

"కొండసీపురు దుబ్బులు బాబూ. వరసగా పాతితే మట్టి జారదంట."

ఇప్పపూలు ఏరుకోడానికి ఆమె ఇంటివాళ్లు ఏటా ఇంటి వెనక కొండ మీద చెట్ల కింద ఎండాకులు కాలుస్తారట. ఈసారి గాలి తిరిగి మంట కొండంతా ఎక్కేసింది. గడ్డిపోచ మిగల్లేదు. ఇక గట్టి వానొస్తే బురదంతా కిందున్న వాళ్లింటి మీదికే.

"మా సేతుల్తోనే ఎట్టుకున్నాం అగ్గి," అంది. "ఇంట్లో కోడలు పచ్చి బాలింత. ఎక్కడికి తీసికెల్తాను?"

రాజాం దాటగానే వాన మొదలైంది. ఉక్కకి ఉడికిపోయిన జనం కిటికీల్లోంచి చేతులు చాపి మొహాలు తడుపుకున్నారు. ఆమె కూడా చెయ్యి చాపింది. పైకి చూస్తూ సన్నగా బతిమాలుతోంది.

"ఇక్కడే పడిపో తల్లీ. ఉన్నదంతా ఇక్కడే పడిపో."

కాసేపటికి వాన వెలిసింది. ఆమె చెయ్యి ఇంకా బయటే ఉంది. మబ్బు మాత్రం మా బస్సు కంటే ముందు కొండల వైపు పోతోంది.