ముందుకు లాగిన సీటు

నలభై మూడేళ్ళు వచ్చేదాకా ఐరీన్ స్లివ్కా స్టీరింగు ముట్టుకోలేదు. ముట్టుకోనిస్తే కదా! ఆమె మొగుడు ఆండీ తన కారు దగ్గరికి పిల్లిని కూడా రానిచ్చేవాడు కాదు. ఉక్కు మిల్లులో ఎనిమిది గంటలు మసి కొట్టుకుని వచ్చిన మనిషి, తన మొహం కడుక్కోకముందే కారు మొహం తుడిచేవాడు. యాభై ఏడు మోడలు. కింద పచ్చరంగు, పైన మీగడ రంగు, వెనక రెండు రెక్కలు, ముందు పళ్ళికిలించినట్టు ఒకటే తళతళ. వాళ్ళుండే మిల్లు ఊరు బ్రాడెన్ హాలోలో ఇళ్ళన్నీ కొండకి అతుక్కుని ఉంటాయి, వీధులేమో సందులు. అందులో పడవంత ఈ కారు మలుపు తిరగాలంటే వరండాల్లో కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి.

"ఆ రెక్కలెందుకో! ఎగురుతుందా ఏమన్నా?" అని ఐరీన్ తిట్టుకునేది. తిట్టుకుంటూనే ఆదివారం టోపీ సర్దుకుని చర్చికి అందులోనే వెళ్ళేది.

అరవై రెండు చలికాలంలో మిల్లులో క్రేను గొలుసు తెగింది. ఆండీ ఎడమ కాలు మోకాలి కిందనుంచి పోయింది. కొయ్యకాలు పెట్టారు. దానితో నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, పెళ్ళాం మీద అరవొచ్చు. ఆ కారు క్లచ్ తొక్కడం మాత్రం కుదరదు. మరుసటి వసంతంలో నది అవతల చొక్కాల ఫ్యాక్టరీలో ఐరీన్‌కి కుట్టుపని దొరికింది. అక్కడికి బస్సు లేదు. పని చూసే ఆవిడ మొహం మీదే చెప్పేసింది: "వచ్చే నెల మొదటి సోమవారం ఏడింటికి మిషను ముందు కూర్చుంటే పని నీది. లేదంటే, నీ వెనకాల ఇంకా పదిమంది ఉన్నారు." ఇంట్లో సంపాదించే మనిషి ఇంకెవరూ లేరు. లైసెన్సు వస్తేనే పని, పని ఉంటేనే పొయ్యి.

ఆండీ లైసెన్సు ఇంకా చెల్లుతుంది కాబట్టి పక్కన కూర్చుని నేర్పడం మొదలుపెట్టాడు. నేర్పడమా అది!

"వదలవే క్లచ్ అంటే అట్లా ఒక్కసారిగా వదిలేస్తావేంటి?"

"నువ్వే కదయ్యా వదలమన్నావ్!"

"మెల్లగా అనలా?"

"అనలా!"

"అయితే మనసులో అనుకుని ఉంటా. నీకా మాత్రం తెలియదూ?"

అన్నిటికన్నా పెద్ద గొడవ సీటుతో. ఆ కారులో ముందు సీటంతా ఒకే బెంచీ, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. నడిపేవాళ్ళు ముందుకు జరిగితే పక్కవాళ్ళూ జరగాల్సిందే. ఆండీ ఆరడుగుల పైమాట, ఐరీన్ ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. ఆమె పాదం పెడలుకి ఆనేలా సీటు లాగితే అతని మోకాళ్ళు ఎదుటి డాష్‌బోర్డు రేకుకి కొట్టుకునేవి. కొయ్యకాలు సరిగ్గా మడత పడదు. "నా మోకాలు పిప్పి చేస్తున్నావు కదే!" అని దారంతా ఒకటే సణుగుడు. ఇల్లు చేరాక ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, సీటుని కీచుమనిపిస్తూ వెనక్కి, తన పాత చోటికి తోసేవాడు. రోజూ. ఆ చోట కూర్చుని నడపబోయేవాడు ఇక లేడని ఇద్దరికీ తెలుసు.

మొదటిసారి ఐరీన్ చూసీ చూడనట్టు ఊరుకుంది. పదోసారికి ఒళ్ళు మండిపోయింది. ఆ పట్టాలకి తుప్పు, మర్నాడు ముందుకు లాగాలంటే తల ప్రాణం తోకకొచ్చేది.

"ఎవరికోసమయ్యా వెనక్కి తోస్తావు? తొక్కి చచ్చేది నేను కదా!"

"సీటు దాని చోట ఉండాలి," అనేవాడు ఆండీ, ఇటు చూడకుండా.

ఇక ఆ కారు నఖరాలు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. స్టీరింగు రెండు వేళ్ళ మేర తిప్పేదాకా చక్రాలకి కబురే అందదు. వైపర్లు నడిచేది ఇంజను పీల్చే గాలితో. ఆక్సిలరేటరు గట్టిగా తొక్కామా, అవి నిద్రపోతాయి. అంటే వానలో కొండెక్కేటప్పుడు, సరిగ్గా కళ్ళు కావలసినచోట గుడ్డితనం. "ఉండుండి కాలెత్తు. రెండుసార్లు ఊగుతాయి. దారి చూసుకుని మళ్ళీ తొక్కు," అని నేర్పాడు ఆండీ. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు వేయకూడదు. తొందరపడితే బానెట్ కింద కడ్డీలు ఒకదానికొకటి మెలేసుకుని బిగుసుకుపోతాయి. అప్పుడు దిగి, బానెట్ ఎత్తి, వాటిని విడదీయాలి. ఆండీ చేత్తోనే లాగేసేవాడు. ఐరీన్ రెండుసార్లు వేళ్ళు కాల్చుకుని, క్యాబేజీ నూడుల్స్ కలిపే చెక్క గరిటె తెచ్చి సీటు కింద పెట్టుకుంది.

"నా కారులో గరిటా?" అన్నాడు ఆండీ, నలుగురిలో పరువు పోయినట్టు.

పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి ఎదురుబండికి దారివ్వలేదన్నారు. రెండోసారి రెండు కర్రల మధ్య బండి పెట్టమంటే వెనక రెక్క ఎక్కడ ముగుస్తుందో తెలియక కర్రని పడగొట్టింది. ఒక దరఖాస్తు కాగితం మీద మూడుసార్లే అవకాశం. మూడోది ఆ సోమవారానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం. అదీ తప్పితే మళ్ళీ కాగితాలు, మళ్ళీ నెల రోజులు, సోమవారం మిషను ముందు ఇంకొకామె.

శుక్రవారం పొద్దుటినుంచీ కుండపోత వాన.

పరీక్ష పెట్టేది రాష్ట్ర పోలీసులు. వచ్చిన కుర్ర ఆఫీసరు పేరు హోల్కోంబ్. ఆండీ అంత పొడుగు. ఎక్కి కూర్చోగానే మోకాళ్ళు రేకుకి తగిలాయి. ఆండీ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఊరి శ్మశానం ఉన్న కొండ మొదలుదాకా అంతా బాగానే సాగింది. ఎక్కడం మొదలవగానే ఐరీన్ కాలెత్తింది, తొక్కింది, ఎత్తింది, తొక్కింది. బండి ఎక్కిళ్ళు పెడుతూ పైకి పోతోంది.

"మీ కాలు ఒకచోట నిలవదా అమ్మా?"

"నిలిపితే దారి కనబడదండి. వైపర్లు ఆగిపోతాయి."

"సాకులొద్దు. వానలో నడపడం రాకపోతే వానరోజున రాకూడదు."

"ఈ రోజు రమ్మని రాసిచ్చింది మీరే కదండీ!"

అతను అట్ట మీద కాగితంలో ఏదో గీశాడు. ఇంకో రెండు ఎక్కిళ్ళయ్యాక, "పక్కకి ఆపండి. చాలు. నేను నడుపుతాను," అన్నాడు.

"అంటే తప్పినట్టేనా?"

"నేను నడుపుతానన్నాను."

ఐరీన్‌కి ఏడుపొచ్చింది, కానీ దానికన్నా ముందు కోపమొచ్చింది. ఇన్ని తిట్లు తిని, వేళ్ళు కాల్చుకుని, ఈ దిక్కుమాలిన బండి అడిగినట్టల్లా ఆడి, ఇంతా చేసి అదే తప్పయిందా? అతను చుట్టూ తిరిగొచ్చి ఎక్కాడు. ఎక్కగానే చేసిన మొదటి పని, సీటుని ఒక్క తోపు వెనక్కి తోయడం. ఆమె పాదాలు గాలిలో వేలాడాయి. మగవాళ్ళందరికీ ఇదొక జబ్బులా ఉంది అనుకుంది.

ఆక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి.

"ఇవి పాడైపోయాయా?" అంటూ మీట అటూ ఇటూ తిప్పాడు.

"కాలెత్తండి."

ఎత్తలేదు. నీళ్ళ తెర వెనక ఎర్రదీపాలు కనిపించేసరికి ముందున్న లారీ మీదమీదికొచ్చింది. బ్రేకు తొక్కి, బండి ఇంకా దొర్లుతుండగానే మొదటి గేరు లాగాడు. గరగరమని ఒక చప్పుడు. గేరు కర్ర పైకీ పోదు, కిందికీ రాదు. ఇంజను ఆగిపోయింది. మిల్లులో షిఫ్టు మారే వేళ. వెనకాల కార్లు బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. "ఏమయ్యోయ్, అక్కడే కాపురం పెడతావా?" అని ఎవరో అరిచారు. ఆ వానలో స్టీరింగు ముందున్న పోలీసు టోపీ వాళ్ళెవరికీ కనబడలేదు.

"ఇదేంటిది?" అన్నాడు హోల్కోంబ్.

"హ్యాండ్ బ్రేకు పట్టి లాగి ఉంచండి," అంది ఐరీన్. సీటు కిందినుంచి గరిటె తీసింది. దిగింది. ఆదివారం టోపీ వానకి చెవుల మీదికి జారిపోయింది. బానెట్ ఎత్తి, గరిటె కాడ కడ్డీల మధ్య దూర్చి, పళ్ళు బిగించి ఒక్క తిప్పు తిప్పింది. టక్కుమంది. తలెత్తి చూస్తే అతను కిటికీ లోంచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇంట్లో. తిట్లు తింటూ. జరగండి."

జరిగాడు. ఆమె బానెట్ మూసి, ఎక్కి, సీటుని శక్తి కొద్దీ ముందుకు లాగింది. అతని మోకాళ్ళు రేకుకి ఠపీమని తగిలాయి. ఐరీన్ ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్ మెల్లగా వదిలి, హ్యాండ్ బ్రేకు దించి, ఆ ఏటవాలులో అంగుళం కూడా వెనక్కి జారకుండా బండిని కదిలించింది. కాలెత్తింది. వైపర్లు రెండుసార్లు ఊగాయి. ఇంకాస్త పైకి వెళ్ళాక అతనే, "ఇప్పుడు ఎత్తండి," అన్నాడు.

"తెలుసు," అంది ఐరీన్.

ఆఫీసు దగ్గర రెండు కర్రల మధ్య బండి పెట్టింది. రెక్క కర్రని రాసుకుంది కానీ పడగొట్టలేదు. హోల్కోంబ్ అట్ట మీద పాత గీత కొట్టేసి, కింద సంతకం పెట్టాడు.

"ఈ బండి అమ్మేయండమ్మా."

"మా ఆయనతో చెప్పండి. చెప్పేటప్పుడు కాస్త దూరంగా నిలబడండి."

ఇంటిదారిలో ఆమె అంతా చెప్పింది. "దొర్లుతుంటే మొదటి గేరా? గాడిద!" అని ఆండీ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "గరిటె మళ్ళీ సీటు కింద పెట్టావు కదా?" అని కూడా అడిగాడు. కొండ దగ్గర కాలెత్తమనలేదు. మోకాళ్ళు రేకుకి ఆనుకునే ఉన్నాయి, సణగలేదు.

ఇంటిముందు ఆపి ఐరీన్ దిగింది. వరండా ఎక్కి, తడిసిన టోపీ తీసి పిండుతూ, రోజూ వినే ఆ కీచు చప్పుడు కోసం ఎదురుచూసింది. రాలేదు. ఆండీ రెండు చేతులతో కొయ్యకాలిని బయటికి లాగి, తలుపు పట్టుకుని దిగి, తలుపు వేసేశాడు.

"సీటు మర్చిపోయావు," అంది ఐరీన్.

"మర్చిపోలేదు," అన్నాడు ఆండీ మెట్ల వైపు చూస్తూ. "సోమవారం పొద్దున నీకు తొందరగా ఉంటుంది కదా."